సినిమాకి నల్ల పట్టీలు ఎందుకు? టీవీలో పిక్చర్ సైజ్ మోడ్‌ల రివ్యూ

నమస్కారం అండీ. ఈ రోజు టీవీని పక్కన పెట్టి, టీవీలోని ఒకే ఒక్క సెట్టింగ్‌ని రివ్యూ చేద్దాం. అదే పిక్చర్ సైజ్. కొన్ని టీవీల్లో ఆస్పెక్ట్ రేషియో అని ఉంటుంది.

నా వెనక ఉన్నది 55 అంగుళాల టీవీ. స్కోప్ సినిమా, అంటే బాగా వెడల్పాటి బొమ్మ ఉన్న సినిమా నడుస్తోంది. పైన, కింద నల్ల పట్టీలు కనిపిస్తున్నాయి కదా, ఒక్కోటి దాదాపు 9 సెంటీమీటర్లు. ఇంత డబ్బు పెట్టి కొంటే పావు వంతు స్క్రీన్ ఖాళీయా అని ఎవరికైనా అనిపిస్తుంది. టీవీలో లోపమేం లేదు. స్క్రీన్ 16:9, అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 1.78. స్కోప్ సినిమా వెడల్పు 2.39. హాలీవుడ్ 1953లో సినిమాస్కోప్ తెచ్చిందే టీవీలకి అతుక్కుపోయిన జనాన్ని థియేటర్‌కి లాగడానికి. మన తెలుగులో 1974లో కృష్ణ గారి ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది. టీవీకి పోటీగా పుట్టిన బొమ్మని తెచ్చి టీవీలోనే వేస్తే పట్టీలు రాక ఏం వస్తాయి?

సరే, జూమ్ నొక్కుతున్నా. స్క్రీన్ నిండిపోయింది, చూడ్డానికి బాగానే ఉంది. ఇప్పుడు కుడి అంచు చూడండి. ఇందాక అక్కడ నిలబడి మాట్లాడుతున్న ఆయన సగమే మిగిలాడు. రెండు వైపులా కలిపి బొమ్మలో పావు వంతు బయటికి పోయింది. గ్రూప్ సాంగ్ వస్తే చివర్లో ఉన్న డాన్సర్లు పాపం ఎవరికీ కనిపించరు. జూమ్‌కి నా మార్కులు సున్నా.

తర్వాత ఫుల్, అంటే సాగదీసే మోడ్. దీనికి పాత సినిమా పెడదాం, 1957 ‘మాయాబజార్’. అప్పటి ఫ్రేమ్ 1.37, దాదాపు చతురస్రం. అందుకే ఇక్కడ పట్టీలు ఎడమా కుడీ వస్తాయి. ఫుల్ నొక్కితే సావిత్రి గారి ముఖం అడ్డంగా సాగిపోతోంది. తీసేస్తున్నా, చూడలేను.

ఒక తమాషా గమనించారా? స్కోప్‌లో పట్టీలకి పోయే స్క్రీన్ దాదాపు పావు వంతే, పాత సినిమాలో పోయేదీ దాదాపు పావు వంతే. ఇది యాదృచ్ఛికం కాదు. 1980ల్లో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజినీర్ అప్పట్లో వాడుకలో ఉన్న ఫ్రేములన్నీ ఒకే వైశాల్యంతో గీసి, మధ్య బిందువులు కలిపి ఒకదానిపై ఒకటి పెట్టాడు. అన్నీ ఇమిడే పెట్టె 1.77 దగ్గర తేలింది. ఆ రాజీ కొలతే మన 16:9. ఎవరికీ పూర్తి స్క్రీన్ దక్కకపోయినా, ఎవరికీ మరీ అన్యాయం జరగలేదు. ఫిలిప్స్ 2009లో స్కోప్ కొలతకే 21:9 టీవీ తెచ్చింది. అందులో వార్తలు, క్రికెట్ పెడితే పట్టీలు పక్కలకి వచ్చేవి! కొన్నేళ్లకే ఆపేశారు.

‘మాయాబజార్’కి 2010లో రంగులద్ది స్కోప్‌కి మార్చి విడుదల చేశారు. 1.37 ఫ్రేమ్‌ని స్కోప్‌కి కోయాలంటే 40 శాతం పైనే పోతుంది. నా ఓటు నలుపు తెలుపుకే.

జూమ్ పనికొచ్చే చోటు ఒకటుంది. కొన్ని పాత ఎస్‌డీ (హెచ్‌డీ కాని) ఛానళ్లలో నాలుగు వైపులా నలుపు వచ్చి, మధ్యలో చిన్న బొమ్మ మిగులుతుంది. అక్కడ నిరభ్యంతరంగా నొక్కండి. మిగతా అన్నిటికీ బొమ్మని కోయకుండా, సాగదీయకుండా చూపించే ఒరిజినల్ లేదా స్క్రీన్ ఫిట్ మోడ్.

అసలు చిరాకు పెట్టేది పట్టీ కంటే, అది బూడిద రంగులో వెలగడం అని నా అనుమానం. ఓఎల్ఈడీలో అక్కడ పిక్సెల్స్ ఆరిపోతాయి కాబట్టి చీకటి గదిలో పట్టీ కనిపించదు. మామూలు ఎల్ఈడీ టీవీలో వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. బ్యాక్‌లైట్ తగ్గించి, టీవీ వెనక చిన్న బల్బు పెట్టుకోండి, తేడా తెలుస్తుంది. కొత్త టీవీ కొనేవాళ్లయితే షోరూమ్‌లో స్కోప్ సినిమా పెట్టించి, వీలైతే అక్కడ లైట్లు ఆపమనండి.