ఒకే బోర్, రెండు స్వభావాలు: క్లాసిక్ 350, డ్యూక్ 200 చెప్పే ఇంజన్ పాఠం

నమస్కారం. ఈ రోజు నా వెనక రెండు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. ఎడమవైపున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కుడివైపున్నది కేటీఎం డ్యూక్ 200. ఈ రెంటికీ పోలికేమిటని మీరు అనుకోవచ్చు గానీ, వీటి సిలిండర్ల బోర్, అంటే లోపలి వ్యాసం, ఒక్కటే, 72 మిల్లీమీటర్లు. తేడా అంతా స్ట్రోక్‌లో, అంటే పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరంలో ఉంది. క్లాసిక్ పిస్టన్ 85.8 మిల్లీమీటర్లు దిగితే, డ్యూక్ పిస్టన్ 49 మిల్లీమీటర్లకే వెనక్కి తిరుగుతుంది. అందువల్ల ఒకటి 349 సీసీ, మరొకటి 199.5 సీసీ అయ్యాయి. ఇంజన్ శక్తి వెనక చక్రం దాకా ఎలా వస్తుందన్న విషయంలో మనలో పాతుకుపోయిన అపోహలను పరీక్షించడానికి ఇంతకంటే మంచి జత నాకు దొరకలేదు.

ముందు కంపెనీలు చెప్పే అంకెలు చూద్దాం. క్లాసిక్ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) వద్ద 27 న్యూటన్ మీటర్ల టార్క్, 6100 వద్ద సుమారు 20 హార్స్‌పవర్ ఇస్తుంది. డ్యూక్ 8000 వద్ద 19 పైచిలుకు న్యూటన్ మీటర్లు, 10,000 వద్ద సుమారు 25 హార్స్‌పవర్ ఇస్తుంది. ఈ అంకెలు చూడగానే చాలామంది చెప్పే మాట ఒకటుంది: బండిని లాగేది టార్క్, పరుగెత్తించేది హార్స్‌పవర్ అని. నా దృష్టిలో మిగిలిన అపోహలన్నిటికీ తల్లి ఈ మాటే, ఎందుకంటే ఇది ఒకే విషయాన్ని రెండు వేర్వేరు సరుకులుగా చూపిస్తుంది.

ఈ స్పానర్ చూడండి. దీని పిడి అర మీటరు పొడవుంది. వెనక ఇరుసు నట్టు మీద పెట్టి, చివర 20 కిలోల బరువు పడేలా నొక్కితే, నట్టు దగ్గర దాదాపు 98 న్యూటన్ మీటర్ల టార్క్ పుడుతుంది. అంటే క్లాసిక్ ఇంజన్ ఇచ్చే గరిష్ఠ టార్క్‌కు మూడు రెట్లకు పైగా నా ఒక్క చేతితో ఇస్తున్నానన్నమాట. కానీ నట్టు కదలలేదు కాబట్టి జరిగిన పని సున్నా, నా పవర్ కూడా సున్నాయే. టార్క్ అంటే తిప్పే బలం మాత్రమే. ఆ బలంతో ఎంత వేగంగా తిప్పగలుగుతున్నామన్నది కలిపితేనే అది పవర్ అవుతుంది. న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. లెక్క అంతే, ఇందులో రెండో రహస్యమేమీ లేదు.

ఇక గేర్‌బాక్స్ సంగతి. అది టార్క్‌ను ఎన్ని రెట్లు పెంచితే, తిరిగే వేగాన్ని అన్ని రెట్లు తగ్గిస్తుంది. పవర్‌ను మాత్రం పెంచలేదు, పైగా రాపిడిలో కొంత పోగొడుతుంది. అందువల్ల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు వెనక చక్రం రోడ్డును ఎంత బలంగా తోయగలదో తెలుసుకోవాలంటే, ఆ క్షణంలో ఇంజన్ ఇస్తున్న పవర్‌ను బండి వేగంతో భాగిస్తే సరిపోతుంది. రాపిడి నష్టాలను పక్కనపెట్టి, రెండు బండ్లూ తమ గరిష్ఠ పవర్ దగ్గర ఉండేంత అనువైన గేరులో ఉన్నాయని అనుకుందాం. క్లాసిక్ సుమారు 670 న్యూటన్లతో తోస్తే, డ్యూక్ దాదాపు 830 న్యూటన్లతో తోస్తుంది. కాగితం మీద 27 న్యూటన్ మీటర్లున్న బండి కంటే 19 ఉన్న బండి రోడ్డు మీద బలంగా తోస్తోంది. పైగా క్లాసిక్ బరువు 195 కిలోలు, డ్యూక్ బరువు సుమారు 160 కిలోలు.

మరి నడిపినప్పుడు క్లాసిక్కే బలమైన బండిలా ఎందుకు అనిపిస్తుంది? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఆ అనుభూతి అబద్ధం కాదు. దీని కోసం ఒక పరీక్ష చేశాం. రెండు బండ్లనూ టాప్ గేరులో, అంటే క్లాసిక్‌ను అయిదులో, డ్యూక్‌ను ఆరులో, 40 కిలోమీటర్ల వేగంతో పక్కపక్కన నడుపుతూ ఒకేసారి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాం. క్లాసిక్ ఏ పేచీ పెట్టకుండా నిదానంగా లాగడం మొదలుపెట్టింది. డ్యూక్ మాత్రం వణికింది, చెయిన్ టపటపమని కొట్టుకుంది, ఫుట్‌రెస్టుల దాకా ఆ అదురు తెలిసింది. ఇంజన్ మూడు వేల ఆర్‌పీఎం లోపే ఉన్నప్పుడు ఎంత తిప్పినా అదనంగా పీల్చుకునే గాలి పెద్దగా ఉండదు. యాక్సిలరేటర్ పవర్‌ను అడగగలదు గానీ, ఆ ఆర్‌పీఎంలో లేనిదాన్ని తెచ్చిపెట్టలేదు. రెండోసారి డ్యూక్‌ను మూడో గేరుకు దించి అదే పని చేశాం. ఈసారి క్లాసిక్ అద్దంలో చిన్నదైపోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

మనం మాటల్లో పికప్ అనేది చాలాసార్లు ఇంజన్ గరిష్ఠ పవర్ కాదు, గేరు మార్చకుండానే చేతికి అందే పవర్. క్లాసిక్ ఇంజన్ ఆ విషయంలో ఉదారంగా ఉంటుంది. డ్యూక్ దగ్గర ఎక్కువే ఉంది గానీ, దాన్ని రాబట్టాలంటే ఎడమ కాలికి పని చెప్పాలి. అన్నట్టు, క్లాసిక్ మీటరులో ఆర్‌పీఎం చూపించే ముల్లే లేదు, దాని స్వభావం తెలిసినవారికి ఆ లోటు కనిపించదు కూడా.

ఇప్పుడు స్ట్రోక్ దగ్గరికి వద్దాం. స్ట్రోక్ పొడవుగా ఉంటే, పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ చేయి పొడవవుతుంది, అందువల్లే టార్క్ పెరుగుతుందని గట్టిగా వాదించేవారు ప్రతి వీడియో కిందా కనిపిస్తారు. సీసీ మారకుండా స్ట్రోక్ పెంచాలంటే బోర్ తగ్గించాలి. బోర్ తగ్గితే పిస్టన్ తల వైశాల్యం తగ్గి, దాని మీద పడే బలం కూడా తగ్గుతుంది. చేయి పొడవుతో వచ్చిన లాభం అక్కడ పోతుంది. ఈ రెండు బండ్లలో బోర్ ఒకటే కాబట్టి లెక్క ఇంకా తేలిక. టార్క్‌ను సిలిండర్ ఘనపరిమాణంతో భాగిస్తే, క్లాసిక్‌కు లీటరుకు 77 న్యూటన్ మీటర్లు వస్తాయి, డ్యూక్‌కు 95 దాటుతాయి. పొట్టి స్ట్రోక్ ఇంజనే ప్రతి సీసీ నుంచి ఎక్కువ టార్క్ పిండుతోంది. నాలుగు వాల్వులతో, వాటిని తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులతో, నీటితో చల్లబడే ఆ ఇంజన్, రెండు వాల్వుల క్లాసిక్ ఇంజన్ కంటే తన సిలిండర్‌ను బాగా నింపుకుంటుంది, ఎక్కువగా నొక్కుతుంది. క్లాసిక్‌కు 27 న్యూటన్ మీటర్లు ఇచ్చింది ప్రధానంగా దాని 349 సీసీ.

అయితే పొడవాటి స్ట్రోక్ ఒక పరిమితిని తప్పకుండా తెస్తుంది. ఈ లెక్క వేసేదాకా నేనూ డ్యూక్ పిస్టనే ఎక్కువ వేగంగా పరుగెడుతుందని నమ్మాను. 6100 ఆర్‌పీఎం దగ్గర క్లాసిక్ పిస్టన్ సగటున సెకనుకు 17.4 మీటర్ల వేగంతో కదులుతుంది. 10,000 దగ్గర డ్యూక్ పిస్టన్ వేగం 16.3 మీటర్లే. చెవికి అరుస్తున్నట్టు వినిపించే ఇంజన్‌లో పిస్టన్ కాస్త నెమ్మదిగా, దబదబమని నింపాదిగా పోతున్నట్టు వినిపించే ఇంజన్‌లో పిస్టన్ కాస్త వేగంగా కదులుతున్నాయన్నమాట. పిస్టన్ దిశ మార్చుకునేటప్పుడు, దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు మీద పడే ఒత్తిడి మాత్రం డ్యూక్‌లోనే ఎక్కువ, ఆ ఆర్‌పీఎంను దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారు చేశారు. కాబట్టి శబ్దం విని, ఇంజన్‌ను హింసిస్తున్నామని తీర్పు చెప్పకండి.

ఆ దబదబ గురించి కూడా ఒక మాట. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 25 పేలుళ్లు, 10,000 దగ్గర 83. మొదటివాటిని శరీరం దాదాపు దేనికది దెబ్బలా పసిగడుతుంది, రెండోవి కలిసిపోయి జుమ్మనే కంపనంగా మారతాయి. విడివిడిగా తెలిసే దెబ్బను మనసు బలంగా లెక్కేసుకుంటుంది. క్లాసిక్‌లో బరువైన ఫ్లైవీల్, అంటే ఇంజన్‌తో పాటే తిరిగే చక్రం, దీనికి తోడవుతుంది. క్లచ్ వదిలేటప్పుడు అది ముందే దాచుకున్న శక్తిని ఇచ్చి బండిని ఆగిపోకుండా కదిలిస్తుంది. కానీ ఫ్లైవీల్ సొంతంగా ఏమీ పుట్టించదు, బండి వేగం పుంజుకుంటున్నప్పుడు ఆ అప్పును ఇంజన్ దగ్గరే వసూలు చేసుకుంటుంది.

సైలెన్సర్‌లో వెనక ఒత్తిడి ఉంటేనే టార్క్ వస్తుందన్న మాట మీద ఎక్కువసేపు ఆగను. పొగకు అడ్డు పడటం వల్ల ఏ ఇంజనూ లాభపడదు. పనికొచ్చేది పైపు పొడవు, లావు, వాటిలో అటూ ఇటూ ప్రయాణించే ఒత్తిడి తరంగాలు. పైపు మార్చి వాటిని చెడగొట్టుకున్నవారు, పోయింది వెనక ఒత్తిడి అనుకుంటారు.

చివరగా నా సొంత తెలివితక్కువతనం. కొన్నేళ్ల క్రితం నా పాత బండికి వెనక 43 పళ్ల స్ప్రాకెట్ (చెయిన్ తిప్పే పళ్ల చక్రం) తీసేసి 46 పళ్లది బిగించాను. వారం రోజులు ఇంజనే మారిపోయినంత సంబరపడ్డాను, ఎందుకంటే ప్రతి గేరులోనూ తోపు 7 శాతం పెరిగింది. ఆ తర్వాత, అదే మోడల్ బండి ఉన్న మిత్రుడితో కలిసి 60 కిలోమీటర్ల వేగం నుంచి పక్కపక్కన లాగించి చూశాను. అతని స్ప్రాకెట్ కంపెనీ ఇచ్చినదే. నేను కాస్త ముందుకు వెళ్లేసరికి నా గేరు అయిపోయేది, నేను పై గేరు వేసే లోపు అతను కింది గేరులోనే లాగుతూ నా పక్కకు వచ్చేసేవాడు. మూడుసార్లు ప్రయత్నించాం, మూడుసార్లూ మా అద్దాలు పక్కపక్కనే ఉన్నాయి. మర్నాడు 43 పళ్ల స్ప్రాకెట్ మళ్లీ బిగించాను.