డంకర్క్ మర్నాడే పారాచూట్లు దింపేసి ఉంటే?

[రేవు గట్టు మీద. వెనకాల వశిష్ఠ గోదావరి, అవతల నరసాపురం.]

ఆయ్, నమస్కారమండి. సఖినేటిపల్లి రేవులో ఉన్నాను. పంటు అవతలొడ్డున ఉంది, ఇటు వచ్చేలోపు ఓ గొడవ తేల్చేయాలి.

మొన్న పెళ్లి భోజనాల్లో మా బావమరిది రెండో ప్రపంచ యుద్ధం గురించి మొదలెట్టాడు. "బావా, డంకర్క్ మర్నాడే హిట్లర్ పారాచూట్ సైన్యాన్ని ఇంగ్లండ్‌లో దింపేసి ఉంటే రెండు వారాల్లో పనైపోయేది కదా?" పనసపొట్టు కూర చల్లారిపోయింది గానీ వాడు తగ్గలేదు. ఈ మాట నాకు వాడొక్కడే కాదు, కనీసం ఇరవై మంది చెప్పుంటారు.

వాడి మాటలో పస లేదనను. 1940 జూన్ 4 నాటికి, జర్మన్లు చుట్టుముట్టిన ఫ్రాన్స్ రేవు డంకర్క్ నుంచి దాదాపు 3,38,000 మంది బ్రిటిష్, మిత్రదేశాల సైనికులు ఓడల్లో ఇంగ్లండ్‌కి బయటపడ్డారు, అదీ చేతులూపుకుంటూ. ఫిరంగులు, లారీలు అక్కడే వదిలేశారు. జర్మన్ వైమానిక దళంలో పెద్ద తలకాయ ఎర్హార్డ్ మిల్ష్ కూడా ఆ దళాధిపతి గోరింగ్‌కి ఇదే చెప్పాడు: ఆలస్యం వద్దు, దక్షిణ ఇంగ్లండ్‌లో ఎయిర్‌ఫీల్డులు పట్టేద్దాం అని. అంటే మా బావమరిదిది జర్మన్ ఫీల్డ్ మార్షల్ స్థాయి బుర్రే. ఈ ముక్క వాడికి చెప్పకండి.

సరే, ఇప్పుడు మా మామ్మ కథ.

1986 ఆగస్టు వరదకి మా మామ్మవాళ్ల లంక మునిగిపోయింది. మూడు రోజులు డాబా మీదే. హెలికాప్టర్ వచ్చి పులిహోర పొట్లాలు విసిరింది. మామ్మ లెక్కలో పది పొట్లాలకి నాలుగు గోదాట్లో పడ్డాయి, రెండు కొబ్బరి మొవ్వులో ఇరుక్కున్నాయి, ఒకటి గేదె వీపు మీద పడి చిట్లింది. మిగిలిన మూడూ తిన్నారు. వాటివల్లే నిలబడ్డామంటుంది మామ్మ. కానీ బియ్యం బస్తా, గేదెలకి గడ్డి, కిరసనాయిలు వచ్చింది నాలుగో రోజు, పడవ మీద. పొట్లం పడవ వచ్చేదాకా ప్రాణం నిలుపుతుంది, అంతే.

పారాట్రూపర్ అంటే, అదే పారాచూట్‌తో దూకే సైనికుడు, పులిహోర పొట్లం అండి. ఇది పట్టుకోండి, వీడియో అయ్యేదాకా వదలను.

[మ్యాప్: బెల్జియం, హాలండ్]

1940 మే 10. బెల్జియంలో ఎబెన్ ఎమాయెల్ కోట. ఇంజను లేని గ్లైడర్లలో దాదాపు 80 మంది కోట నెత్తి మీదే దిగారు. మర్నాటికి కోట లొంగిపోయింది. అందరూ ఈ కథే చెబుతారు. మర్నాడు వెనకనుంచి జర్మన్ సైన్యం నేల మీద నడుచుకుంటూ వచ్చేసిందన్న ముక్క మాత్రం మింగేస్తారు. పొట్లం పడింది, పడవ వచ్చింది.

అదే రోజు హాలండ్‌లో హేగ్ నగరం చుట్టూ మూడు ఎయిర్‌ఫీల్డుల్లో కూడా దిగారు. అక్కడికి పడవ రాలేదు. డచ్చివాళ్లు సాయంత్రానికల్లా మూడూ తిరిగి లాక్కున్నారు. పట్టుబడిన వాళ్లలో వెయ్యిమందికి పైగా ఓడలెక్కించి ఎక్కడికి పంపారో తెలుసా? ఇంగ్లండ్‌కి! మా బావమరిది కోరిక అలా తీరింది, ఖైదీల రూపంలో.

ఇప్పుడు పొట్లాలెన్ని మిగిలాయో చూద్దాం. ఆ ఏడాది వసంతానికి జర్మనీ దగ్గర శిక్షణ పొందిన పారాట్రూపర్లు ఇంచుమించు 4,500 మంది. ఎక్కువమందిని హాలండ్‌లోనే వాడేశారు. వాళ్లని మోసే యుంకర్స్ 52 విమానాలు అక్కడే 200కి పైగా పోయాయి. దళాధిపతి కుర్ట్ స్టూడెంట్‌కి రోటర్‌డామ్‌లో తలకి తూటా తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకోటి, డంకర్క్ మర్నాడు, అంటే జూన్ 5న, జర్మన్ సైన్యం ఖాళీగా లేదు. ఫ్రాన్స్ మీద రెండో దాడి మొదలైంది ఆ రోజే. పారిస్ చేతికొచ్చింది 14న, ఫ్రాన్స్ సంతకం పెట్టింది 22న. సగం కోత చేలో ఉండగా పక్కూరి చేలోకి కొడవళ్లు పంపుతామా?

ఇక పడవ సంగతి. ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్యనున్న సముద్రం, ఇంగ్లిష్ ఛానల్, ఇరుకైన చోట, డోవర్ దగ్గర, దాదాపు 33 కిలోమీటర్లు. ఇంచుమించు అమలాపురం నుంచి రావులపాలెం. అబ్బే, ఇంతేనా అనిపిస్తుంది. వరద రోజుల్లో ఈ రేవు చూసినవాడు అలా అనడు, పంటు ఆపేస్తే నరసాపురం కళ్లెదురుగా ఉండీ అందదు. ఛానల్లో అడ్డం పడింది బ్రిటిష్ నేవీ. డంకర్క్‌లో డిస్ట్రాయర్లనే యుద్ధనౌకలు కొన్ని పోయాయి గానీ అసలు నౌకాదళం నిక్షేపంలా ఉంది. జర్మనీకి ఉన్న కాస్త నౌకాదళం ఏప్రిల్, జూన్ నెలల్లో నార్వేలో చితికిపోయింది. దాటడానికి నదుల్లో, కాలవల్లో తిరిగే సరుకు పడవల్ని యూరప్ అంతా గాలించి పోగేశారు. అవి రేవులకి చేరేసరికి సెప్టెంబరు. చాలావాటికి ఇంజనే లేదు, ఇంకో పడవకి కట్టి లాగాలి! సెప్టెంబరు 17న హిట్లర్ ఇంగ్లండ్ మీద దాడిని నిరవధికంగా వాయిదా వేశాడు.

"మరి క్రీట్ మాటేంటి బావా?" అన్నాడు వాడు, గారె నోట్లో పెట్టుకుని. మంచి ప్రశ్న. ఇన్నాళ్లకి.

1941 మే 20న దాడి మొదలెట్టి జర్మన్లు గ్రీసు దీవి క్రీట్‌ని ప్రధానంగా గాల్లోంచే పట్టుకున్న మాట నిజం. ఎలా పట్టుకున్నారో చూడండి. జర్మన్ పారాచూట్ వాటం ఎలాంటిదంటే దూకేవాడు దాన్ని మళ్లించలేడు. చేతిలో పిస్తోలూ గ్రెనేడ్లూ, తుపాకీలు ఎక్కువగా వేరే పెట్టెల్లో, వేరే పారాచూట్లకి. అంటే పులిహోర ఒక డాబా మీద, విస్తరాకు ఇంకో డాబా మీద. పెట్టె దొరికేలోపు వందలమంది పోయారు. మొదటి రోజు చీకటిపడేసరికి ఓడిపోయినట్టే. ఆ రాత్రి మాలెమె ఎయిర్‌ఫీల్డ్ పక్కనున్న 107వ నంబరు గుట్ట మీంచి, బ్రిటన్ పక్షాన పోరాడుతున్న న్యూజిలాండ్ బెటాలియన్ వెనక్కి తగ్గింది, పొరపాటు అంచనాతో. మర్నాడు ఆ రన్‌వే మీదికే యుంకర్స్‌లు వరసగా దిగి పర్వత దళాల్ని దింపాయి. రన్‌వేనే రేవైందండి, విమానమే పంటు అయింది. సముద్రం మీద చిన్న పడవల్లో పంపిన దళాన్ని మాత్రం బ్రిటిష్ నేవీ ఆ రాత్రే చెదరగొట్టింది.

క్రీట్‌లో బ్రిటిష్ ఫైటర్ విమానాలు లేవు, దాడికి ముందు రోజే పంపించేశారు. ఇంగ్లండ్ ఆగ్నేయ మూలనున్న కెంట్‌లో అలా కాదు. మాన్‌స్టన్‌లోనో హాకింజ్‌లోనో రన్‌వే పట్టారే అనుకోండి, బ్రిటిష్ ఫైటర్లు స్పిట్‌ఫైర్లు, హరికేన్లు నెత్తి మీద తిరుగుతుంటే, గంటకి 250 కిలోమీటర్ల యుంకర్స్ ఎన్నిసార్లు వచ్చి వెళ్తుంది? దాన్లో ట్యాంకు పట్టదు కూడా. ఇంత చేసీ క్రీట్‌లో దాదాపు 4,000 మంది జర్మన్లు చచ్చిపోవడమో గల్లంతవడమో జరిగింది. పారాట్రూపర్ల రోజులు చెల్లాయని హిట్లరే స్టూడెంట్‌తో అన్నాడు.

అయ్యో, పంటు సగం దూరం వచ్చేసింది.

గబగబా చెప్పేస్తా. రష్యాలో స్టాలిన్‌గ్రాడ్: సోవియట్లు చుట్టుముట్టేసిన జర్మన్ సైన్యానికి రోజుకి 500 టన్నులు విమానాల్లో తెస్తామన్నాడు గోరింగ్, సగటున తెచ్చింది 100 టన్నుల చిల్లర. ఫ్రాన్స్ తీరం నార్మండీ, 1944 జూన్: మిత్రదేశాల మూడు ఎయిర్‌బోర్న్ డివిజన్లు, అంటే గాల్లోంచి దిగే దళాలు, దిగాయి, ఆ రోజు ముగిసేసరికి సముద్రం మీంచి లక్షమందికి పైగా వచ్చేశారు కాబట్టి నిలిచాయి. హాలండ్‌లో ఆర్న్‌హెమ్, అదే ఏడు సెప్టెంబరు: మిత్రదేశాల సైనికులు దాదాపు పదివేలమంది దిగారు, నేల మీంచి రావాల్సిన దళం సమయానికి అందలేదు, వెనక్కొచ్చింది నాలుగోవంతు మంది.

ఇంగ్లండ్‌లో జనం కూడా ఊరికే కూర్చోలేదు. చేలల్లో గుంజలు పాతారు, పాత కార్లు అడ్డం పెట్టారు, ఊళ్ల పేర్ల బోర్డులు పీకేశారు. అదో పెద్ద కథ, ఇప్పుడు కుదరదు.

హారన్ కొడుతున్నాడు. ఒరేయ్, కెమెరా ఆపి ఆ బండి స్టాండ్ తియ్యి. టికెట్‌కి చిల్లరుందా నీ దగ్గర?