జూలియా చైల్డ్ కంటే 26 ఏళ్ల ముందే టీవీలో ఆమ్లెట్: మాయమైపోయిన తొలి వంట కార్యక్రమాలు

[తెర మీద: పొయ్యి మీద ఖాళీ పెనం, పక్కన రెండు గుడ్లు]

"టీవీలో వంట చేసి చూపించిన మొట్టమొదటి మనిషి జూలియా చైల్డ్." ఈ మాట ఇంకా ఎన్ని వీడియోల్లో వినపడుతోందో! ఈ అమెరికన్ వంటల రచయిత్రి గొప్పతనం గురించి నాకు రెండో మాట లేదు. కానీ ఆమె "ది ఫ్రెంచ్ చెఫ్" బోస్టన్‌లో మొదలైంది 1963 ఫిబ్రవరి 11న. లండన్‌లో బీబీసీ కెమెరా ముందు ఫ్రెంచి వంటవాడు మార్సెల్ బూలెస్టాన్ ఆమ్లెట్ వేసింది 1937 జనవరి 21న. అప్పటికే కోవెంట్ గార్డెన్‌లో ఆయన పేరు మీదే పెద్ద రెస్టారెంట్ నడుస్తోంది. "కుక్స్ నైట్ అవుట్" అనే ఆ వరసలో అయిదు భాగాలు, ఒక్కో భాగానికి ఒక్కో వంటకం. అయిదూ నేర్చుకుంటే పూర్తి విందు భోజనం అయ్యేలా కూర్చారు.

మరి ఆయన మనకెందుకు గుర్తులేడు? చూపించడానికి ఆ ప్రసారం మిగల్లేదు కాబట్టి.

దోసె సంగతి తీసుకోండి. పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి. ఆ పూట ఇంట్లో ఉన్నవాళ్లు తిన్నారు, లేనివాళ్లకు లేదు. 1937లో టీవీ ప్రసారం అచ్చంగా దోసె. కెమెరా చూసింది, బీబీసీ స్టూడియో ఉన్న అలెగ్జాండ్రా ప్యాలెస్ మీది యాంటెన్నా నుంచి గాల్లోకి వెళ్లింది, లండన్ చుట్టుపక్కల సెట్లున్న కొన్ని ఇళ్లలో కనపడింది, అంతే. దాచిపెట్టే యంత్రం అప్పటికి స్టూడియోలో లేదు.

ఇక ఆమ్లెట్టే ఎందుకు? ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే తొలి టీవీ వంటవాళ్ల కథలో ఆమ్లెట్ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఫ్రెంచి పద్ధతిలో రెండు మూడు గుడ్లు, ఒక టేబుల్ స్పూను వెన్న, అడుగు ఏడంగుళాల పెనం. వెన్న కరిగి నురగ వస్తుంది. ఆ నురగ అణిగి, వెన్న రంగు మారబోయే క్షణంలో గుడ్డు పోయాలి. ముందే పోస్తే అంటుకుంటుంది, ఆలస్యమైతే వెన్న మాడి మచ్చలు పడతాయి. సరిగ్గా పడితే అర నిమిషంలో మడతపెట్టి పళ్లెంలో వేసేయొచ్చు. ప్రత్యక్ష ప్రసారంలో ఇది వరం. చెడిపోయినా పోయేది అర నిమిషమే, ఇంకో రెండు గుడ్లు కొట్టుకోవచ్చు. పైగా నలుపు తెలుపు తెర మీద టమాటా, కొత్తిమీర రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. నల్లటి పెనంలో లేత పసుపు ఆమ్లెట్ మాత్రం స్పష్టంగా కనపడుతుంది.

[తెర మీద: స్టూడియో దీపాల బొమ్మ]

ఆమ్లెట్ కానివాటితో ఏమవుతుందో అమెరికాలో వంటల నిపుణుడు జేమ్స్ బియర్డ్‌కు బాగా తెలిసింది. 1946 ఆగస్టు 30న ఎన్‌బీసీలో ఆయన "ఐ లవ్ టు ఈట్" మొదలైంది. పావుగంట కార్యక్రమం, ఖర్చు బోర్డెన్ పాల కంపెనీది. అప్పటి కెమెరాలకు విపరీతమైన వెలుతురు కావాలి, ఆ వెలుతురు వెంట వేడీ వచ్చేది. అందుకని ఐస్‌క్రీమ్ బదులు మెదిపిన బంగాళాదుంప పెట్టేవారు. రోక్‌ఫోర్ట్ చీజ్‌లోని నీలి చారలు తెర మీద తేలిపోతుంటే సిరాతో దిద్దేవారు. ఇది మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంట్లో కూర్చున్న మనిషికి చీజ్ చీజ్‌లా కనపడాలంటే ఆ రోజుల్లో అదే దారి. 1947లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. దృశ్యం ఒక్కటీ మిగల్లేదు, శబ్దం మాత్రం కాస్త మిగిలింది.

ఆ ఏడాదే కినెస్కోప్ రికార్డింగ్ వచ్చింది. దీన్ని వడియం అనుకోండి. దోసె దాగదు గానీ పిండిని ఎండబెట్టి దాస్తే తర్వాత వేయించుకోవచ్చు. రుచి అదే కాదు, ఆనవాలు మాత్రం ఉంటుంది. టీవీ తెర ఎదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి తెరనే తీయడం, అంతే పని. చిక్కు ఎక్కడంటే, అమెరికా టీవీలో సెకనుకు 60 అర బొమ్మలు (రెండు కలిస్తే ఒక పూర్తి బొమ్మ), ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. కాబట్టి ఒక్కో ఫ్రేముకు రెండు అర బొమ్మలు తీసుకుని, మిగిలిన సగం సమయంలో, అంటే సెకనులో 120వ వంతులో, ఫిల్మును కిందికి లాగాలి. షట్టర్ ఏమాత్రం తప్పినా బొమ్మకు అడ్డంగా ఒక పట్టీ పడుతుంది. పాత ఫిల్ముల్లో మీరు చూసే ఆ పట్టీ అదే.

1956లో వీడియో టేపు వచ్చింది. ఇది ఆవకాయ. జాడీలో పెడితే ఏళ్ల తరబడి ఉండాలి. మరి ఎందుకు ఉండలేదు? జాడీ ఖరీదు వల్ల! రెండంగుళాల వెడల్పు టేపు, గంట నిడివికి సుమారు 1,370 మీటర్లు, ఒక్క రీలు దాదాపు 300 డాలర్లు. కొత్త ఆవకాయ పెట్టాలి, ఇంట్లో వేరే జాడీ లేదు, పాతది ఖాళీ చేయాల్సిందే. స్టేషన్లు చేసిందీ అదే, పాత కార్యక్రమం మీదే కొత్తది రికార్డు చేయడం.

ఇప్పుడు జూలియా చైల్డ్ దగ్గరికి మళ్లీ వద్దాం. 1962లో పుస్తకాల గురించిన ఒక కార్యక్రమానికి హాట్ ప్లేట్ వెంటబెట్టుకుని వెళ్లి ఆమె ఏం చేశారు? ఆమ్లెట్! అది చూసి జనం ఉత్తరాలు రాశాకే మూడు నమూనా భాగాలు తీశారు. ఆ బోస్టన్ టీవీ స్టేషన్ భవనం 1961లో కాలిపోయింది కాబట్టి గ్యాస్ కంపెనీవాళ్ల వంట ప్రదర్శనల గదిలో తీశారు. మొదటి భాగం 1962 జూన్ 18న, అందులోనూ ఆమ్లెట్టే. ఆ మూడూ ఈరోజు లేవు. అంటే అందరికన్నా ముందు అని మనం చెప్పుకునే ఆమె తొలి పని కూడా మాయమైన జాబితాలోనే ఉంది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. ఆమె కోడిని నేల మీద పడేసి మళ్లీ వాడారంటారు. అబద్ధం. చెదిరింది బంగాళాదుంప అట్టు, అదీ తిరగేస్తుంటే పొయ్యి మీద. టేపును బ్లేడుతో కోసి అతికించాల్సిన రోజులు కాబట్టి 28 నిమిషాలూ దాదాపు ఆపకుండా తీసేవారు. అందుకే అది అలాగే ఉండిపోయింది. మూడు గంటలు ఉడికే మాంసం కూరైతే పచ్చిది, వేయించింది, ఉడుకుతున్నది, పూర్తయింది అని ముందే నాలుగు గిన్నెలు సిద్ధం. ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా. ఫిలిప్ హార్బెన్, బీబీసీ, 1946 జూన్. బ్రిటన్‌లో యుద్ధం ముగిసినా రేషన్ ముగియలేదు, గుడ్లు కూడా లెక్కపెట్టి ఇచ్చే రోజులు. డయోన్ లూకస్, సీబీఎస్, 1948, "టు ద క్వీన్స్ టేస్ట్". న్యూయార్క్‌లో ఆమె హోటల్ పేరు "ది ఎగ్ బాస్కెట్", పేరు తెచ్చింది మళ్లీ ఆమ్లెట్టే. ఆమె గురించి విడిగా ఒక వీడియో చేయాలి.

చివరిగా, మీ అటక మీద టీవీ నుంచి రికార్డు చేసిన పాత వంటల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉంటే, స్టేషన్ దగ్గర కూడా లేని కాపీ అదే కావచ్చు. ముందు క్యాసెట్టు వీపు అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి, దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. తర్వాత క్యాసెట్టు మీది చిన్న కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచుల్లో తెల్లటి పొడి కనపడితే బూజు పట్టినట్టే. తడి గరిటె పెట్టిన ఆవకాయ లాంటిదే, ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి పాకుతుంది. ప్లేయర్‌లో పెట్టకండి, ఆ బూజు టేపును చదివే హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకీ ఎక్కుతుంది. దాన్ని విడిగా కవర్లో పెట్టి, టేపు శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వండి. మిగతావి పడుకోబెట్టకుండా నిలబెట్టి, చల్లగా పొడిగా ఉన్నచోట ఉంచి, ఈ వేసవిలోగా కంప్యూటర్‌లోకి ఎక్కించండి.