రేవు ఎవరిది, దారి ఎవరిది

శ్రోతలందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో వశిష్ఠ ఒడ్డున ఉన్న ఊరు. ఏటిగట్టు దాటాక, నీళ్ల వైపు, మూడు కుటుంబాల కొబ్బరితోటలు పక్కపక్కనే ఉంటాయి, ఎదురుగా లంకలో మా మూడిళ్లకీ తలా కాస్త అరటి, కూరగాయల సాగు ఉంది. లంకకి వెళ్లాలన్నా గెలలు తెచ్చుకోవాలన్నా నావే దిక్కు. నావలు కట్టుకునే రేవు అందరికీ ఒక్కటే. తాటి దుంగలు పాతి పైన పలకలు పరిచిన దిగుడు అది, మూడిళ్లవాళ్లం డబ్బులేసుకుని వేయించాం. గట్టు మీంచి రేవుకి దారి మాత్రం పెదనాన్న గారి తోటలోంచే. మాకు రక్తసంబంధం లేదు, మా నాన్న ఆయన్ని అన్నయ్య అనేవారు కాబట్టి నాకు పెదనాన్న. మూడేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే వెళ్తే ఆ దారికి అడ్డంగా ముళ్లకంచె వేసి ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లుగా నడుస్తున్న దారి అది. గెలలు లంకలో కోసి ఉన్నాయి, టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు, తెల్లారగానే లాయరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా గోడంతా విని, నీకు కావలసింది నేలా, దారా, దిగుడా, ముందు అది చెప్పు అన్నారు. నాకు మూడూ ఒకటే అనిపించేది. కాదండి. ఒడ్డున జరిగే గొడవల్లో సగం ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ముదురుతాయని నాకు ఇప్పుడు గట్టి నమ్మకం.

ముందు నేల సంగతి. పెదనాన్న గారి దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, చూస్తే ‘పడమర: వశిష్ఠ గోదావరి’ అని ఉంది. దాంతో రేవు కూడా తమదేనని వాళ్లబ్బాయి అనుకున్నాడు. మా దస్తావేజులోనూ అదే మాట ఉంది, మాదీ అదే ధీమా. కానీ గోదారి కదలని సరిహద్దు కాదు కదా, ఒకచోట ఒడ్డు కోస్తుంది, ఇంకోచోట మేట వేస్తుంది. మీసేవలో ఎఫ్‌లైన్‌కి, అంటే హద్దులు కొలిపించుకోవడానికి, దరఖాస్తు పెట్టాం, సర్వేయర్ వచ్చి పొలాల కొలతల పటం ఎఫ్ఎంబీ దగ్గర పెట్టుకుని హద్దు రాళ్లు వెతికి కొలిచాడు. పెదనాన్న గారి పట్టా గీత నీళ్లదాకా రానేలేదు. గీత దాటాక ఉన్న వాలంతా ఏటి పోరంబోకు. నదుల గర్భం, చెరువులు, కాలవలు ప్రభుత్వానివే అని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం చెబుతుంది. అంటే రేవున్న నేల మా ముగ్గురిలో ఎవరిదీ కాదు. బల్లలు మావే, నేల మాది కాదు, కాబట్టి అక్కడికి వచ్చే వలవాళ్లని పొమ్మనే హక్కు కూడా మాకు లేదు. అక్కడ సిమెంటు మెట్లు కట్టేద్దామని నాకు ఒక ఆలోచన ఉండేది, అది అప్పుడే మానుకున్నాను.

అసలు చిక్కు దారి దగ్గర వచ్చింది. ఇతరుల నేలని వాడుకునే హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం పక్కవాడి పట్టా నేల మీద 20 ఏళ్లు బాహాటంగా, గొడవ లేకుండా, ఆగకుండా, నా హక్కు అన్నట్టుగా నడిస్తే దారి హక్కు అడగొచ్చు. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. ఇది విని నేను గెలిచేశాననుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, అమ్మ మామూలుగానే అంది, ‘మీ నాన్న ఏటా సంక్రాంతికి ఒక గెల పంపించి, అన్నయ్యా ఈ ఏడూ మీ దారిలో నడవొచ్చా అని అడిగేవారు కదరా’ అని. లాయరు గారికి చెబితే తల పట్టుకున్నారు. అడిగి నడిస్తే అది అనుమతి, హక్కు కాదట. మా నాన్న మర్యాదే మా కేసుకి అడ్డమైంది. నాన్న చేసింది తప్పని మాత్రం నేను ఈ రోజుకీ అనుకోవడం లేదు. ఆ గెల గురించి కోర్టులో అబద్ధం ఆడటం నా వల్ల కాదు.

అందుకని కేసు పక్కన పెట్టి, అమ్మని తీసుకుని పెదనాన్న గారి అరుగు మీద కూర్చున్నాను. ఆయన బాధ నడక గురించి కాదని అప్పుడు తెలిసింది. మా కుర్రాళ్లు ఆ దారిలో మోటారుసైకిళ్లు, తర్వాత ఆటో కూడా తెచ్చారు, కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలు రెండు చక్రాల కింద పడి పోయాయి. ‘నడవొద్దని నేనెప్పుడన్నానురా, నన్నొక మాట అడిగారా?’ అన్నారు. నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు. చట్టం కూడా ఆయన వైపే ఉందండి, కాలినడకకి ఉన్న దారి దానంతట అదే బండి దారి అయిపోదు, దారి బాగుచేసుకునే ఖర్చు కూడా వాడుకునేవాళ్లదే.

తర్వాత వారం రోజులు పట్టింది రాసుకోవడానికి. దారిని తోట మధ్యలోంచి తీసి హద్దు వెంబడి అయిదడుగులు చేశాం. మనుషులు, తోపుడు బండి సరే, ఆటో గట్టు మీదే ఆగాలి. బల్లల ఖర్చు మూడు వాటాలు. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మూడిళ్ల నుంచీ మనిషి వచ్చి పలకలు ఊడదీయాలి. దీన్ని స్టాంపు కాగితం మీద రాసి పెట్టెలో పెట్టుకోకుండా రిజిస్టర్ చేయించాం, ఎందుకంటే రేపు ఎవరి తోట అమ్ముడైనా కొన్నవాళ్లకి ఈసీలో, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రంలో, కనబడాలి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేని పరిస్థితి ఉంటే మండల న్యాయసేవా కమిటీకి వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు, ఫీజు ఉండదు, రాజీ కుదిరితే అక్కడిచ్చే తీర్పు, దాన్నే అవార్డు అంటారు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా లేదు.

మొన్న వరదకి హెచ్చరిక వచ్చిన రాత్రి నాకు మొదట ఫోన్ చేసింది పెదనాన్న గారే. వర్షంలో లాంతరు పట్టుకుని ఆయన గట్టు మీద నిలబడ్డారు, వాళ్లబ్బాయీ నేనూ పలకలు మోసి తీసుకెళ్లి ఆయన తోటలోనే కొబ్బరిచెట్లకి కట్టేశాం. పలకలకి ఒండ్రు ఇంకా అలాగే ఉంది, ఈ ఆదివారం ముగ్గురం కలిసి కడిగి మళ్లీ వేయాలి.