గొట్టం పెట్టకుండనే సర్టిఫికెట్

(హన్మకొండలో ఆటో, లారీ డ్రైవర్ల సభలో ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. శాలువా కప్పిండ్రు, సంతోషం. ‘పర్యావరణం మీద పది నిమిషాలు మాట్లాడండి మేడమ్’ అన్నరు. చెట్లు నాటమని అందరు చెప్తరు, నేను చెప్ప. నాకు తెలిసింది పొగ. ల్యాబ్‌ల నా పని గాలిల దుమ్మును తూచుడు.

ఎట్ల తూస్తరంటరా? తెల్లటి ఫిల్టర్ కాగితాన్ని తేమ పోయేదాక ఉంచి తూస్తం. మిషన్‌ల పెట్టి రోజంతా దాని గుండా గాలి గుంజుతం. తీసి, తేమ పోగొట్టి మళ్ల తూస్తం. పెరిగిన బరువే దుమ్ము. నిమిషానికి ఒక ఘనపు మీటరు గుంజితే రోజుకు 1440. పది మైక్రాన్ల లోపు దుమ్ముకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు) మన దేశంల రోజు సగటు హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, మైక్రోగ్రామంటే మిల్లీగ్రాముల వెయ్యో వంతు. అంటే ఆ కాగితం మీద 144 మిల్లీగ్రాములు దాటొద్దు. చిటికెడు ఉప్పంత కూడ ఉండదు! రంగు చూస్తనే కొంత తెలిసేది. మట్టి దుమ్మైతే గోధుమ రంగు, డీజిల్ మసైతే నలుపు.

అసలు సంగతికొస్త. మొన్న నా స్కూటీ తీసుకుని పొల్యూషన్ వ్యాన్ దగ్గరికి పోయిన. పిల్లగాడు బండి ఫోటో కొట్టిండు, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతుల పెట్టిండు. ఇంజన్ బందే ఉన్నది! ‘సైలెన్సర్‌ల పొగ కొలిచే గొట్టం పెట్టవా బిడ్డా’ అంటే ‘మంచిగున్న బండే కద మేడమ్, పాసైతది’ అన్నడు. కార్బన్ మోనాక్సైడ్ ఇంత శాతమని చుక్క పెట్టి మరీ అచ్చేసిండు. నాలుగో దశాంశం తేడా వస్తే మళ్ల తూచినదాన్ని, నాకు కోపం రాదా? మీరే చెప్పండి.

సరే, గొట్టం పెట్టిండనుకుందాం. అప్పుడైనా చూసేదెంత? పెట్రోలు బండిని నిలబెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, అంటే పూర్తిగ కాలని ఇంధనం. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కి, పొగ వెలుతురును ఎంత ఆపుతదో చూస్తరు. డీజిల్ పొగల ఉండే ఇంకో విషం, నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే లేదు. లోడుతోని ఎత్తు ఎక్కే లారీ ఏం వదుల్తదో ఆ వ్యాన్‌కు తెల్వది. ల్యాబ్ పరీక్షల మాత్రమే పొగ తగ్గేటట్టు డీజిల్ కార్లు చేసిన ఫోక్స్‌వాగన్ కంపెనీ మోసం 2015ల ఎట్ల బయటపడ్డది? అమెరికాల వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందే మిషన్‌ను కారులనే పెట్టుకుని రోడ్డు మీద నడుపుకుంట కొలిచిండ్రు. ల్యాబ్‌ల పాసైన కారు రోడ్డు మీద దొరికింది.

లారీ అన్నలు గుస్స కావొద్దు. భూపాలపల్లి దిక్కు బొగ్గు తోలేటోళ్లు కూడ ఇక్కడ ఉన్నరు. మీ బండ్లు పట్టియ్యమని నేను అంటలేను. ఆ పొగ ముందుగల్ల పోయేది మీ ముక్కులకే. పీల్చేటోనికే లెక్క తెల్వకపోతే ఎట్ల?

గాలి కొలిచే మిషన్ నేల నుంచి మూడు మీటర్లకు పైన పెట్టుమంటది రూలు. ఊరు మొత్తం గాలికి అది సరే. ఆటో స్టాండ్ల కూర్చున్నోని ముక్కు అంత ఎత్తున ఉంటదా? చేత పట్టుకునే మిషన్లు ఉన్నయి, కాజీపేట, హన్మకొండ చౌరస్తా స్టాండ్లల్ల మనిషి ఎత్తున కొలవమని అడుగుదాం. వ్యాన్ల మీద తనిఖీ పెట్టుమని కూడ అడుగుదాం. అర్జీ నేను రాసిస్త, సంఘం లెటర్‌హెడ్ తీసుకుని సెక్రటరీ తమ్ముడు రేపు ఇంటికి రావాలె. సంతకాలు పెట్టేటోళ్లు ఎందరున్నరో ఇప్పుడే చేతులెత్తండి, లెక్కవెడ్త.