నచ్చలేదన్న మనిషి మాట

(ఫిల్మ్ సొసైటీ వార్షికోత్సవ సభలో, 'వాంపిర్' చిత్ర ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం సాయంత్రం ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మీ అందరికీ నమస్కారం. సొసైటీ తొలి రోజుల్లో రైల్వే పార్సిల్ ఆఫీసు నుంచి రీలు డబ్బాలు రిక్షాలో వేసుకొచ్చిన మిత్రులు ఇద్దరు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. వాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. ఆ డబ్బాలు ఎంత బరువుండేవో ఎత్తినవాళ్లకే తెలుసు. మిగతా పేర్లు చదవడం మొదలుపెడితే చిత్రం ఆలస్యమవుతుంది. నన్ను మన్నించాలి.

కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం 'డ్రయర్ చిత్రాల్లో వెలుగునీడలు'. నోట్సు రాసుకునే వచ్చాను, ఇవిగో కాగితాలు. ఆ సంగతి చెబుతాను. అయితే ఈ చిత్రం పేరు వినగానే నాకు మరో సంగతి గుర్తుకొస్తుంది. ఏళ్ల తరబడి లోపల పెట్టుకున్నాను. ఈ హాల్లో చెప్పకపోతే ఇక ఎక్కడా చెప్పలేను.

ముందు చిత్రం సంగతి. కార్ల్ థియోడర్ డ్రయర్ 1889లో కోపెన్‌హాగన్‌లో పుట్టారు. 1928లో 'జోన్ ఆఫ్ ఆర్క్' తీశారు. ఆ చిత్రంలోని ముఖాలను మరిచిపోయినవాళ్లు మన సొసైటీలో లేరు. ఆ తర్వాత తీసినదే 'వాంపిర్'. ఐర్లండ్ రచయిత షెరిడాన్ లె ఫాను 1872లో వెలువరించిన కథల పుస్తకం దీనికి ఆధారం. ఫ్రాన్స్‌లో కూర్తెంపియెర్ అనే పల్లెలో షూటింగ్ జరిగింది. డబ్బు పెట్టింది నికొలా ద గుంజ్‌బుర్గ్ అనే ప్రభువంశీకుడు. పెట్టిన డబ్బుకు ప్రతిగా కథానాయకుడి వేషం ఆయనే వేశారు. తెరమీద జూలియన్ వెస్ట్ అని వేరే పేరు పెట్టుకున్నారు. నటులలో ఇద్దరు తప్ప దాదాపు ఎవరికీ నటన వృత్తి కాదు. చిత్రంలో ఊరి డాక్టరుగా కనిపించే ముసలాయన యాన్ హిరోనిమ్కో పారిస్ మెట్రో రైల్లో వీళ్ల కంటబడిన మనిషి.

ఇక ఆ బూడిదరంగు వెలుతురు. మొదట తీసిన షాట్లలో ఒకదాంట్లో లెన్సు మీద ఎక్కడినుంచో వెలుగు పడి బొమ్మ పాలిపోయి వచ్చింది. ఇంకొకరైతే ఆ ముక్క పారేసేవారు. డ్రయర్, ఛాయాగ్రాహకుడు రుడాల్ఫ్ మాటే, ఇద్దరూ దాన్ని చూసి తమకు కావలసింది ఇదేననుకున్నారు. ఆపైన కెమెరాకు మూడడుగుల దూరంలో పలచని జాలీ గుడ్డ కట్టి, దానిగుండా చిత్రీకరించారు. అందుకే చిత్రమంతా మంచులో తడిసినట్టు ఉంటుంది. పొద్దు పొడిచిందో గుంకిందో తెలియదు. వెనకటి రోజుల్లో మనం అరిగిపోయిన ప్రింటు చూస్తున్నామనుకున్నాం. అరిగిన మాట నిజమే, అయితే ఆ మసకలో సగం ఆయన కోరి తెచ్చుకున్నది.

1932 మే 6న బెర్లిన్‌లో మొదటి ప్రదర్శన. ప్రేక్షకులు గేలి చేశారు. ఆ తర్వాత డ్రయర్ కొన్ని భాగాలు తానే తీసేశారు. వియన్నాలో ఇంకా ఘోరం. డబ్బు వాపసు ఇమ్మన్నారు, ఇవ్వం అనేసరికి గొడవ ముదిరింది, పోలీసులు లాఠీలు ఎత్తాల్సి వచ్చింది. ఒక సినిమా చూసినందుకు లాఠీలు! అమెరికాలో అంతకు ముందు ఏడాది, 1931లో, 'డ్రాకులా' వచ్చింది. నల్ల అంగీ దొరవారు, కోట, కళ్లలో మెరుపు. డ్రయర్ చిత్రంలో రక్తం తాగేది చేతికర్ర పట్టుకుని నడిచే ముసలామె. కోరల్లేవు, అంగీ లేదు. ఆ తర్వాత డ్రయర్ ఆరోగ్యం దెబ్బతింది. కొన్నాళ్లు చికిత్సాలయంలో ఉన్నారు. మళ్లీ పత్రికలకు రాసుకుంటూ బతికారు. తర్వాతి కథాచిత్రం 1943లో వచ్చింది. లెక్కపెట్టండి, 11 ఏళ్లు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మనవాళ్లు బెర్లిన్ ప్రేక్షకులను తిడతారు. మూర్ఖులంటారు. నేనూ తిట్టాను. ఒక పత్రికలో నాలుగు కాలాల వ్యాసం రాసి మరీ తిట్టాను. ఈ రోజు తిట్టలేను. ఎందుకు తిట్టలేనో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

1986 వర్షాకాలం. ఇదే ఊళ్లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని మనవాళ్లు ఈ చిత్రం వేశారు. సైక్లోస్టైల్ నోటీసులో 'వాంపిర్' అన్న పేరు కింద కుండలీకరణాల్లో 'రక్తపిశాచి' అని ఒక మాట చేర్చారు. అర్థం కావాలని మంచి మనసుతోనే చేర్చారు. దాంతో ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. బేతాళ కథలు చదివిన పిల్లలు, దయ్యాల సినిమా అనుకున్న కుర్రాళ్లు, వాళ్ల వెంట మా పెద్దక్క భర్త, మా బావ. బావకు ఈ ఊళ్లోనే పిండి మర ఉండేది. గోధుమలు, జొన్నలు, మిరపకాయలు ఆడేవాడు. "నువ్వు ప్రతి ఆదివారం ఎక్కడికి పోతున్నావో చూడాలి" అని నా వెంట వచ్చాడు. రుమాలు ఎంత దులుపుకున్నా ఆయన చెవుల వెనక తెల్లగా పిండి ఉండేది. ఆ రోజూ ఉంది.

చిత్రం మొదలైంది. అరగంటకు కుర్చీలు చప్పుడు చేశాయి. సైనికుడి నీడ ఒక్కటే నడిచి వెళ్లి కూర్చున్నప్పుడు కొందరు ఆహా అన్నారు, కొందరు నవ్వారు. జర్మన్ అక్షరాల పుస్తకం పేజీలు తెర నిండా వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఆవలింతలు వినిపించాయి. ఇక్కడ నేను నా మాట కూడా చెప్పాలి. ఆ పేజీలు నిజంగానే ఎక్కువయ్యాయి. కథానాయకుడికి నటన రాదు. చాలా చోట్ల బొమ్మలా నిలబడతాడు. రక్తపిశాచి సమాధి తవ్వడానికి పూనుకునేది కథానాయకుడు కాదు, ఇంటి ముసలి నౌకరు. ఇవన్నీ లోపాలే. వాటిని లోపాలనే అనాలి. అలా అంటూనే చెబుతున్నాను, శవపేటిక ఘట్టానికి సాటి వచ్చేది నేను ఎక్కడా చూడలేదు. కథానాయకుడు అలన్ గ్రే కలలో చచ్చిపోతాడు. పేటిక మూతకు చిన్న అద్దం ఉంటుంది. లోపలి నుంచి కళ్లు తెరిచి చూస్తుంటాడు. అద్దం మీద కొవ్వొత్తి పెడతారు. ముసలామె వంగి లోపలికి చూస్తుంది. తర్వాత పేటికను ఎత్తుతారు. చెట్ల కొమ్మలు, చర్చి గోపురం, ఆకాశం మన ముఖం మీదుగా పోతుంటాయి. మోసేవాళ్లు కాదు, మోయబడుతున్నవాడు చూస్తున్న దృశ్యం అది. మన పాడె ఎక్కినవాడికి ఏం కనిపిస్తుందో ఎవరు చూపించారు మనకు?

దారి తప్పాను. మర దగ్గరికి వస్తాను.

చివరిలో డాక్టరు పారిపోయి పిండి మరలోకి వస్తాడు. ఇనుప వల బిగించిన గదిలో చిక్కుకుంటాడు. నౌకరు మరను తిప్పుతాడు. పై నుంచి తెల్లటి పిండి జలజలా పడుతుంది. మోకాళ్ల దాకా, నడుం దాకా, గొంతు దాకా. అరుస్తాడు. పళ్లచక్రాలు తిరుగుతూనే ఉంటాయి. చివరికి ఒక చెయ్యి, వల పట్టుకున్న చెయ్యి. ఆ తర్వాత పిండి.

నా పక్కన బావ ముందుకు వంగి కూర్చున్నాడు. రెండు చేతులతో ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు. నేను ఆయన చేతులే చూశాను, తెర చూడలేదు.

దీపాలు వేశారు, చర్చ మొదలైంది. గొప్ప చిత్రమన్నవాళ్లు అటు, మోసం చేశారన్నవాళ్లు ఇటు. నోటీసులో రక్తపిశాచి అని వేసి మూడు రూపాయలు తీసుకున్నారని ఒక కుర్రాడు కోప్పడ్డాడు. ఆ గొడవలో బావ లేచాడు. హాల్లో అంతమంది ముందు ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. "నాకు ఈ సినిమా నచ్చలేదండీ. అయితే ఆ పిండి..." అన్నాడు. అంతే. అప్పట్లో మాలో బాగా చదువుకున్న ఒక పెద్దమనిషి చెయ్యి ఎత్తి, "ఇది పిండి గురించిన సినిమా కాదండీ, కూర్చోండి" అన్నారు. హాలు నవ్వింది. బావ కూర్చున్నాడు.

నేను లేవలేదు. పక్కనే ఉన్నాను. ఆ మాట పూర్తి చెయ్యనివ్వండి అనలేదు. అప్పుడే మూడు వ్యాసాలు అచ్చయ్యాయి నావి. ఆ పెద్దమనిషి దృష్టిలో మంచివాడుగా ఉండాలనుకున్నాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలా ఊరుకున్నారా? ఊరుకుని ఉంటే ఆ బరువు ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది.

తిరుగుదారిలో వాన వెలిసింది. బావ ఇంటికి కాకుండా మర వైపు నడిచాడు. తాళం తీసి, బల్బు వేశాడు. "చూడు" అన్నాడు. కిటికీ చట్రం చుట్టూ, ద్వారబంధం చుట్టూ తెల్లగా పిండి పేరుకుని ఉంది. సాలెగూళ్లు తెల్లటి దారాల్లా వేలాడుతున్నాయి. పిండి దిగే గుడ్డ గొట్టం ఒట్టిపోయిన పొదుగులా ఉంది. కక్కు కొట్టించడానికి విప్పిన మరరాయి ఒకటి గోడకు ఆనించి ఉంది. దాని మీద కూర్చుని చెప్పాడు.

పద్నాలుగేళ్ల వయసులో ఆయన ఒక రైసు మిల్లులో పనికి కుదిరాడట. తవుడు గదిలో పారతో లాగుతున్న ఒక కూలీ మీదికి పేరుకున్న తవుడు గోడలా విరిగి పడింది. "అరవలేదు అబ్బాయీ. నోట్లోకి పోతుంది కదా, అరవడానికి ఉండదు. సినిమాలో ఆయన అరిచాడు, అది తప్పు. కాని చెయ్యి మాత్రం అదే. వేళ్లు అలాగే పట్టుకుంటాయి, ఏమీ లేకపోయినా పట్టుకుంటాయి. ఆ తీసినాయన ఎప్పుడైనా మిల్లులో పనిచేశాడా? అది అడుగుదామని లేచాను."

కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. "అందుకే నచ్చలేదు. మళ్లీ చూడలేను."

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. చాలా ఏళ్ల తర్వాత చదివాను. డ్రయర్ మొదట అనుకున్నది పిండి మర కాదు. డాక్టరు ఊబిలో కూరుకుపోవాలి. తగిన ఊబి దొరకలేదు. వెతుకుతూ తిరుగుతుంటే ఒక మిల్లు కనిపించింది. దాని కిటికీల చుట్టూ, తలుపుల చుట్టూ తెల్లటి నీడలు పట్టి ఉన్నాయి. వెంటనే ముగింపు మార్చేశారు. కిటికీల చుట్టూ తెలుపు. బావ బల్బు వేసి నాకు చూపించింది అదే. డ్రయర్ ఏ తెలుపు చూసి ఆగిపోయారో, బావ ఆ తెలుపులోనే ముప్పై ఏళ్లు బతికాడు. ఆ హాల్లో ఈ చిత్రాన్ని గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని మనం కూర్చోమన్నాం. మనం అంటున్నాను, ఆ పెద్దమనిషి ఒక్కరే అనడం లేదు. నవ్విందీ మనమే, ఊరుకుందీ మనమే.

ఇది చదివేటప్పటికి బావ లేడు.

నేను అందరినీ ఒకటే అడుగుతున్నాను. బాగుందన్నవాళ్లకు మాటలు సిద్ధంగా ఉంటాయి. నీడలు, కల, మృత్యువు, అన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. నచ్చలేదన్నవాళ్లకు ఆ మాటలు అందవు. తడబడతారు, పిండి అంటారు, నిద్ర అంటారు, మూడు రూపాయలు అంటారు. నిద్ర వచ్చినవాడికి ఎక్కడ వచ్చిందో అడగండి. మోసమన్నవాడిని ఏం చూద్దామని వచ్చాడో అడగండి. వియన్నాలో డబ్బు వాపసు అడిగినవాళ్ల మీద లాఠీ ఎత్తారు, వాళ్లేమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ చిత్రం అసలు నెగెటివ్‌లు పోయాయి. జర్మన్, ఫ్రెంచ్ ప్రింట్లలో మిగిలిన ముక్కలు కలిపి ఇటలీలో బొలోన్యా నగరంలోని ఫిల్మ్ ఆర్కైవ్‌వాళ్లు దీన్ని బాగుచేశారు. ఇప్పుడు మీరు చూడబోయేది ఆ ప్రతే. పోయిన బొమ్మను అంత కష్టపడి తెచ్చుకున్నారు.

కార్యదర్శిగారికి ఒక విన్నపం చేశాను, ఒప్పుకున్నారు. చర్చకు మైకు వేదిక మీద ఉండదు, అదుగో, వెనక వరుస దగ్గర పెట్టారు. మొదట నచ్చనివాళ్లు మాట్లాడతారు, ఎంతసేపైనా. వాళ్లయ్యాకే మేము.

వెలుగునీడల కాగితాలు ఇలాగే మిగిలిపోయాయి, సొసైటీ సంచికకు ఇస్తాను.

మా పెద్దక్క ఈ రోజు వచ్చింది. మూడో వరుసలో చివరి కుర్చీ, తలుపు పక్కన. ఆ రాత్రి బావ ఆలస్యంగా ఎందుకు వచ్చాడో ఆమెకు మొన్ననే చెప్పాను. చిత్రం చూస్తానంది. మర దృశ్యం చివరిలో వస్తుందని చెప్పి ఉంచాను. అక్కా, చూడలేకపోతే లేచి బయటికి వెళ్లిపో. నేను నీ పక్క కుర్చీలోనే ఉంటాను, నీతోపాటు లేస్తాను.

దీపాలు తీసెయ్యండి.