బ్యాంకు వాళ్లు ముందు పెట్టే రెండు పాలసీలు: ఒకటి తీసుకోండి, ఒకటి వెనక్కి తోసేయండి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇది పాలసీలు అమ్మే ఒక వెబ్‌సైట్ డబ్బులిచ్చి చేయిస్తున్న వీడియో. స్క్రిప్ట్ మాత్రం వాళ్లకి చూపించలేదు. చివరి దాకా విన్నాక మళ్లీ పిలుస్తారో లేదో చూద్దాం.

ప్రీమియం పట్టికలు మీరు వేరే చోట చూసే ఉంటారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు వాళ్లు రెండు పాలసీలు ముందు పెడతారు. మొదటిది భారత్ గృహ రక్ష, అంటే అగ్నిప్రమాదం, వరద లాంటివాటికి ఇంటికీ సామాన్లకీ చేసే బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏ కంపెనీ అమ్మినా దీని ప్రాథమిక కవర్ ఒకటే. కాబట్టి ధర, క్లెయిమ్ సర్వీసు చూసుకుంటే చాలు.

ఇందులో ఫ్లాట్ ఎంతకి కొన్నారన్నది లెక్కలోకి రాదు. స్థలం కాలిపోదు కదా! ఇంటికి ఎంత బీమా అన్నది తేల్చడానికి కార్పెట్ ఏరియాని కట్టుబడి ఖర్చుతో గుణిస్తారు. 1,100 చదరపు అడుగులు, అడుక్కి 2,500 అనుకోండి, 27.5 లక్షలు. మీరు 85 లక్షలకి కొన్నా అంతే. సామాన్లకి అందులో 20 శాతం, అంటే 5.5 లక్షలు, జాబితా ఇవ్వకుండానే వచ్చేస్తుంది. ఇలా వచ్చేదానికి పరిమితి 10 లక్షలు. అంతకంటే ఎక్కువ కావాలంటే వివరాలు రాసివ్వాలి.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. పాత ఫైర్ పాలసీల్లో 40 లక్షల ఇంటికి 20 లక్షలే రాయిస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలే చేతికొచ్చేవి. ఇందులో ఆ కోత లేదు.

ఇక చిక్కు దగ్గరికొద్దాం. సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లారు, దొంగలు పడ్డారు. ఈ పాలసీ పైసా ఇవ్వదు! దొంగతనానికి కవర్ ఉందని బ్రోచర్‌లో ఉంటుంది, నిజమే. కానీ అది అగ్నిప్రమాదమో వరదో వచ్చిన 7 రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికే. మామూలుగా తాళం పగలగొడితే వర్తించదు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా అడిగి తీసుకోవాలి. బంగారం, వెండి కూడా మామూలు సామాన్ల లెక్కలో రావు. విలువైన వస్తువుల కవర్ అదనంగా పెట్టించుకోవాలి.

రెండోది, నాకు ఒళ్లు మండేది, హోమ్ లోన్ ప్రొటెక్షన్, అంటే లోన్ తీసుకున్నవాళ్లు చనిపోతే మిగిలిన అప్పు తీర్చే బీమా. ఇది తీసుకుంటేనే లోన్ అంటారు. అలాంటి రూల్ ఆర్‌బీఐదీ లేదు, బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐదీ లేదు. ఒకేసారి కట్టే లక్ష రూపాయల సింగిల్ ప్రీమియం అప్పులోనే కలిపేస్తారు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు వేసుకోండి: ఆ లక్షకి నెలకి 868 చొప్పున మీరు కట్టేది 2 లక్షల 8 వేలు.

పోనీ కవరైనా సరిగ్గా ఉంటుందా? అప్పు ఎలా తగ్గాలో మొదటి రోజు వడ్డీతో ఒక పట్టిక గీస్తారు, కవర్ సాధారణంగా దాని ప్రకారమే తగ్గుతూ పోతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు, అంటే బ్యాంకులకి ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి పోయింది. వడ్డీ మారుతూ ఉండే ఫ్లోటింగ్ లోన్లున్న చాలామందికి ఈఎంఐ అలాగే ఉండి గడువు సాగింది. అప్పు నెమ్మదిగా తగ్గింది, కవర్ మాత్రం పాత పట్టిక ప్రకారమే దిగిపోయింది. మధ్యలో తేడా ఎవరు కట్టాలి? ఇంట్లోవాళ్లే.

దీనికి బదులు 60 లక్షల లోన్‌కి 60 లక్షల మామూలు టర్మ్ పాలసీ, అంటే గడువులోపు చనిపోతే ఇంట్లోవాళ్లకి డబ్బిచ్చే జీవిత బీమా, తీసుకోండి. కవర్ తగ్గదు, లోన్ వేరే బ్యాంకుకి మార్చినా పాలసీ మీదే. వ్యక్తిగత టర్మ్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. పెళ్లైన మగవాళ్లు కొనేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయిస్తే, ఆ డబ్బు భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. ఆరోగ్య ప్రశ్నలకి మాత్రం ఏజెంటుతో టిక్కులు పెట్టించకండి, మీరే నింపండి.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద, అంటే నచ్చకపోతే వెనక్కిచ్చేసే గడువులో, రద్దు చేయమని ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా పంపండి, కాపీ బ్యాంకుకి పెట్టండి. అసలు తీసుకున్నారో లేదో తెలియకపోతే శాంక్షన్ లెటర్ తీయండి. మీరు అడిగినదాని కంటే లోన్ ఒక లక్ష ఎక్కువ కనిపిస్తే, ఆ లక్ష ఇదే.